టెక్సాస్‌లో ట్యాక్స్ లేదా? అపోహలు – వాస్తవాలు

డాలస్ చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాలకు ట్యాక్స్ రిటర్నులు ఫైల్ చేయడం నా పని. కాలిఫోర్నియా, న్యూజెర్సీ నుంచి ఇక్కడికి మారేవాళ్ల నోట ఎక్కువగా వినేది ఈ కింది వాటిలో మొదటి మాటే.

అపోహ: టెక్సాస్‌లో స్టేట్ ట్యాక్స్ లేదు.

వాస్తవం: జీతం మీద లేదు, అంతే. కొనే వస్తువుల మీద సేల్స్ ట్యాక్స్ చాలా ఊళ్లలో 8.25 శాతం. అసలు భారం ఇంటి మీద పడుతుంది. కౌంటీ, సిటీ, స్కూల్ డిస్ట్రిక్ట్ దేని రేటు అది వేస్తాయి. కొత్త కాలనీల్లో నీళ్లు, డ్రైనేజీ లైన్లకు చేసిన అప్పు తీర్చే 'మడ్' ట్యాక్స్ అదనం. అన్నీ కలిపి 2 శాతం దాటే చోట్లు చాలానే ఉన్నాయి. 5 లక్షల డాలర్ల ఇంటికి 2 శాతం అంటే ఏడాదికి 10 వేలు. ఉద్యోగం పోతే జీతం మీద పన్ను ఆగుతుంది, ఇంటి పన్ను ఆగదు.

కొత్త ఇల్లు కొనేవాళ్లు ఇంకొకటి గమనించాలి. విలువ కట్టేది జనవరి 1 నాటి స్థితిని బట్టి. ఆ రోజుకు ఇల్లు లేవకపోతే మొదటి బిల్లు స్థలానికే వస్తుంది. తర్వాతి ఏడాది ఇంటితో కలిపి వస్తుంది, ఇంటి పన్ను కోసం లోన్ పేమెంట్‌తో పాటు నెలనెలా పక్కన పెట్టే డబ్బు (ఎస్క్రో) చాలదు, నెలవారీ పేమెంట్ ఒక్కసారిగా పెరుగుతుంది. టెన్షన్‌తో నాకు ఫోన్ చేసేవాళ్లు ఏటా ఉంటారు. సొంతంగా కాపురం ఉండే ఇంటికి ఇచ్చే హోమ్‌స్టెడ్ మినహాయింపుకు తప్పకుండా అప్లై చేయండి. 2025 నవంబరు ఓటింగ్‌తో స్కూల్ ట్యాక్స్ లెక్కలో ఇంటి విలువలోంచి తీసేసే ఆ మొత్తం 1,40,000 డాలర్లకు పెరిగింది. డ్రైవింగ్ లైసెన్సులో ఆ ఇంటి అడ్రసే ఉండాలి.

అపోహ: కాలిఫోర్నియాలో అన్ని పన్నులూ ఎక్కువే.

వాస్తవం: ఆదాయపు పన్ను ఎక్కువే. కానీ 1978లో ఓటర్లు ఆమోదించిన ప్రొపొజిషన్ 13 అనే చట్టం వల్ల ఇంటి పన్ను మూల రేటు 1 శాతం, లెక్కలోకి తీసుకునే విలువ ఏటా 2 శాతానికి మించి పెరగదు. అందుకే ఇరవై ఏళ్ల కిందట కొన్నవాళ్లు, పక్కింట్లో కొత్తగా దిగినవాళ్ల కంటే చాలా తక్కువ కడతారు.

అపోహ: ఇండియాలో కట్టిన పన్నుకు ఇక్కడ క్రెడిట్ (ఆ మేరకు పన్ను తగ్గింపు) వస్తుంది.

వాస్తవం: అమెరికా కేంద్ర ప్రభుత్వానికి వేసే ఫెడరల్ రిటర్నులో వస్తుంది. కాలిఫోర్నియా ఇవ్వదు. హైదరాబాద్ ఫ్లాట్ అద్దెకు అక్కడ పన్ను కట్టినా, అదే అద్దెకు కాలిఫోర్నియాకు మళ్లీ కట్టాలి. ఇది తెలియక ఆ అద్దెను చూపించకుండా వదిలేసినవాళ్లు నోటీసు వచ్చాక నా దగ్గరికి వస్తే చాలా బాధేస్తుంది.

అపోహ: స్టేట్ మారిన రోజుతో పాత స్టేట్ లెక్క తీరిపోతుంది.

వాస్తవం: ఉద్యోగంలో భాగంగా కంపెనీ ఇచ్చిన షేర్లు ఉంటే తీరదు. షేర్లు మంజూరైన రోజు నుంచి చేతికొచ్చిన రోజు వరకు ఎన్ని రోజులు కాలిఫోర్నియాలో పని చేశారో, ఆ మేరకు ఆదాయం మీద ఆ రాష్ట్రం పన్ను అడుగుతుంది. మారేముందే ఆ రోజుల లెక్క రాసిపెట్టుకోండి.