చక్కెర కిందికి, మందు పైకి

హనుమకొండ, కాజీపేట వైపు ఫంక్షన్ హాళ్లలో ఈమధ్య వెల్‌కమ్ డ్రింక్ కౌంటర్ లేని పెళ్లి అరుదు. పొడుగాటి గ్లాసులో అడుగున ఎరుపు, నడుమ పసుపు, పైన నీలం. ఇదే పద్ధతిలో బార్లలో మందుతో చేస్తే అది లేయర్డ్ కాక్‌టెయిల్. ఆ రంగులు నూనె, నీళ్లలాగా కలవని జాతి అని చాలామంది అనుకుంటారు. స్ట్రాతో నాలుగుసార్లు తిప్పి చూడండి, అంతా ఒకటే బురద రంగు అవుతుంది. రాత్రంతా ఉంచినా మళ్లీ విడిపోదు. నూనె అయితే కాసేపటికే పైకి తేలేది. అంటే ఇవి హాయిగా కలిసిపోయే ద్రవాలే. మరి పెళ్లికొడుకు వచ్చేదాకా కలవకుండా ఎలా ఉన్నాయి?

మొదటి కారణం బరువు. ఒక మిల్లీలీటరు ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే లెక్కే సాంద్రత. మామూలు నీళ్లకు అది 1. 100 మి.లీ. నీళ్లలో 20 గ్రాముల చక్కెర కరిగిస్తే సుమారు 1.07 అవుతుంది. బరువులో సగం చక్కెరే ఉన్న పాకం 1.23 దాకా పోతుంది. ఆల్కహాల్ దీనికి ఎదురు. శుద్ధమైన ఆల్కహాల్ సాంద్రత 0.79 మాత్రమే. మన దగ్గర సీసాల మీద 42.8 శాతం అని రాసి ఉండే విస్కీ 0.95 లోపే ఉంటుంది. పెగ్గులో నీళ్లు పోసిన క్షణంలో సన్నటి దారాల్లా మెలికలు తిరిగే చారలు కనిపిస్తాయి కదా, అవి ఈ తేడా వల్లే.

1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి శిఖరం ఇటుకలు నీళ్లలో తేలతాయని ఇక్కడ చిన్నపిల్లలు కూడా చెబుతారు. వాటి సాంద్రత 0.85 నుంచి 0.9 వరకు అంటారు. ఆ లెక్కన అదే ఇటుకను శుద్ధమైన ఆల్కహాల్‌లో వేస్తే మునగాల్సిందే. పరీక్షించడానికి మనకెవరూ ఇటుక ఇవ్వరనుకోండి. 0.92 ఉండే ఐసుముక్క కూడా అందులో మునుగుతుంది, కాలేజీ ల్యాబులో చూసుకోవచ్చు.

కాబట్టి కాక్‌టెయిల్‌లో ఏది ఏ అంతస్తులో ఉండాలో చక్కెర, ఆల్కహాల్ కలిసి తేలుస్తాయి. బి-52 అనే ప్రసిద్ధమైన షాట్ తీసుకోండి. అడుగున బాగా తీపి ఉన్న కాఫీ లిక్యూర్ (లిక్యూర్ అంటే తీపి, రుచి కలిపిన మందు), దాని మీద విస్కీ, పాల మీగడ కలిపిన ఐరిష్ క్రీమ్, అన్నిటికన్నా పైన 40 శాతం ఆల్కహాల్ ఉన్న ఆరెంజ్ లిక్యూర్. నడుమ ఉన్న క్రీమ్‌లోనూ చక్కెర తక్కువేం కాదు, కానీ వెన్న దాన్ని కొంత తేలిక చేస్తుంది. వరుస మార్చి పోస్తే పొరలు నిలవవు, బరువైనది కిందికి దూసుకుపోతూ మిగతావాటిని కెలికేస్తుంది.

చక్కెర, ఆల్కహాల్ లాగులాట చూడాలంటే బార్ దాకా పోనక్కర్లేదు, కల్లు కుండ చాలు. చెట్టు నుంచి అప్పుడే దించిన నీరాలో దాదాపు పదోవంతు చక్కెర ఉంటుంది, అందుకే అది నీళ్లకన్నా బరువు. ఈస్ట్ పని మొదలుపెట్టాక ఆ చక్కెర ఆల్కహాల్‌గా, కార్బన్ డయాక్సైడ్‌గా మారుతుంది. బరువెక్కించేది తగ్గుతుంది, తేలిక చేసేది పెరుగుతుంది, గ్యాసు నురగై పోతుంది. పొద్దుటి కల్లుకన్నా సాయంత్రం కల్లు సాంద్రత తక్కువ. బీరు ఫ్యాక్టరీలో పులియడం ఎంతవరకు వచ్చిందో సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ ముంచి చూసేది ఈ మార్పునే.

రెండో కారణం నాకు ఇంకా ఇష్టమైనది. కదలిక లేని ద్రవంలో అణువులు తమంతట తాము చాలా నెమ్మదిగా విస్తరిస్తాయి. చక్కెర అలా ఒక్క సెంటీమీటరు దాటడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. టీలో చక్కెర వేసి మనం తిప్పకపోతే అడుగునే ఉండేది అందుకే. ప్రకృతి వాటిని కలిపే తీరుతుంది, కాకపోతే దానికి తొందర లేదు. పొరలను పాడుచేసేది మన చెయ్యే.

అందుకే బార్‌టెండర్ పనంతా పోసే వేగాన్ని చంపడమే. చెంచాను బోర్లించి, మొనను గ్లాసు గోడకు ఆనించి, కింది పొరకు కాస్త పైన ఉంచి, దాని వీపు మీద సన్నటి ధారగా పోయాలి. ధార పక్కలకు పరుచుకుంటుంది, కిందికి గుచ్చుకోదు. సాంద్రతల తేడా ఎక్కువైతే చెయ్యి కొంచెం వణికినా నడుస్తుంది. టెకీలా సన్‌రైజ్‌లో దారి తిరగేస్తారు: ముందు టెకీలా, నారింజ రసం, చివర్లో దానిమ్మ రంగు గ్రెనడిన్ సిరప్. బరువుగా ఉన్న సిరప్ తనే కిందికి జారిపోతుంది. పోతూపోతూ కొంత కలుస్తుంది కనుక అంచు గీసినట్టు ఉండదు, ఎరుపు పైకి పలచబడుతూ పోతుంది. పేరులోని సూర్యోదయం అదే.

పిల్లలతో ఇంట్లో చేయాలంటే మందు ఊసే వద్దు. నాలుగు గ్లాసుల్లో సమానంగా నీళ్లు తీసుకుని, ఒకదాంట్లో ఏమీ వేయకుండా, మిగతావాటిలో రెండు, నాలుగు, ఆరు చెంచాల చక్కెర కరిగించి, తలా ఒక ఫుడ్ కలర్ చుక్క వేస్తే సరిపోతుంది. ఎక్కువ తీపిది ముందు. చక్కెర కరగడానికి నీళ్లు వేడిచేస్తే పూర్తిగా చల్లారనివ్వండి, ఎందుకంటే వేడి నీళ్లు కూడా తేలికే. 60 డిగ్రీల దగ్గర నీటి సాంద్రత 0.983కి దిగుతుంది, దగ్గరదగ్గర పొరల వరుసను తారుమారు చేయడానికి అది చాలు.

రంగు వేయని పొరల మధ్య కూడా ఒక మెరిసే గీత కనిపిస్తుంది. చక్కెర నీళ్లలో కాంతి ఎక్కువ వంగుతుంది. మే నెలలో కరీంనగర్ రోడ్డు మీద దూరంగా నీళ్లున్నట్టు కనిపించే ఎండమావి వెనక కూడా ఈ వంగడమే ఉంది, అక్కడ వేడిగాలి, చల్లగాలి పొరలు ఆ పని చేస్తాయి.

సోడా కలిపే ఉద్దేశం ఉంటే దాన్ని అన్నిటికన్నా పై పొరగానే పోయండి. కింద పోస్తే లేచే బుడగలే గరిటె పని చేస్తాయి. పాలు, క్రీమ్ ఉన్న పొరకు నిమ్మరసం ఆనించవద్దు, కలిసే అంచులో పాలు విరిగి పెచ్చులు తేలతాయి.