కొఠియా: సర్వేలో జారిపోయిన 21 ఊళ్లు

సాలూరు నుంచి ఘాట్ రోడ్డెక్కి కొఠియా కొండలకు వెళ్తే, ఒకే ఇంట్లో రెండు రాష్ట్రాల రేషన్ కార్డులు కనిపిస్తాయి. ఓటరు కార్డులూ రెండేసి. ఇందులో దొంగతనమేమీ లేదు. ఎవరు ఇచ్చినా పుచ్చుకున్నారు, అంతే. ఇటు పార్వతీపురం మన్యం జిల్లా సాలూరు మండలం, అటు ఒడిశా కొరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకు. మధ్యలో ఉన్న 21 గిరిజన గ్రామాలు మావంటే మావని రెండు ప్రభుత్వాలూ దశాబ్దాలుగా పట్టుబడుతున్నాయి.

గొడవకు మూలం 1936లో ఉంది. అంతకుముందు ఈ కొండలన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోవే. కొరాపుట్ ప్రాంతం జయపురం జమీందారీగా విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఆ ఏడాది ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి కొరాపుట్ అటు వెళ్లింది. కాగితం మీద గీత పడింది కానీ, కొండ మీద రాళ్లు పాతినవాళ్లు లేరు. తర్వాత జరిగిన సర్వేలో కొఠియా కిందున్న కొన్ని ఊళ్లే లెక్కకెక్కాయి. మిగిలిన 21 ఏ రికార్డులోనూ సరిగా చేరలేదు. దారీ డొంకా లేని అడవి, మలేరియా భయం ఉన్న రోజులవి. సర్వే బృందం ఎందుకు అంతదూరం నడవలేదో ఊహించుకోవచ్చు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చాక తగాదా ముదిరింది. 1968లో ఒడిశా సుప్రీంకోర్టుకెక్కింది. యథాతథ స్థితి కొనసాగించమని కోర్టు చెప్పింది. 2006లో ఆ దావా ముగిసింది కానీ సరిహద్దు తేలలేదు. ఇది పార్లమెంటు తేల్చాల్సిన సంగతి అన్నారు. యథాతథ స్థితి మాత్రం అలాగే మిగిలింది.

చాలాకాలం ఇద్దరూ పెద్దగా పట్టించుకోని ఊళ్లివి. తర్వాత పోటీ మొదలైంది. ఒడిశా రోడ్లు, బడి, పోలీస్ స్టేషన్ అంది. ఆంధ్ర పింఛన్లు, రేషన్ అంది. నిజం చెప్పాలంటే, వివాదం లేని పక్క కొండల మీద ఊళ్లకు ఇంత వేగంగా రోడ్డు రాలేదు.

2021 ఫిబ్రవరిలో గంజాయిభద్ర, పట్టుచెన్నూరు, పగులుచెన్నూరుల్లో ఆంధ్ర పంచాయతీ ఎన్నికలు పెట్టడంతో మళ్లీ రగిలింది. కోర్టు ధిక్కారమంటూ ఒడిశా సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఎప్పటినుంచో ఇక్కడ ఎన్నికలు మేమే జరుపుతున్నామని ఆంధ్ర వాదన. అదే ఏడాది నవంబరు 9న ఇద్దరు ముఖ్యమంత్రులు, జగన్, నవీన్ పట్నాయక్, భువనేశ్వర్‌లో కూర్చుని, ప్రధాన కార్యదర్శులతో కమిటీ వేద్దామనుకున్నారు.

2024 మే 13న అరకు, కొరాపుట్ లోక్‌సభ స్థానాలకు ఒకే రోజు పోలింగ్ జరిగింది. రెండు జాబితాల్లోనూ పేర్లున్న ఈ ఊళ్లవాళ్లకు అటూ ఇటూ కూడా ఎన్నికలే.