ఈరోజు కేసులు ఏ రోజువి?

విశాఖపట్నంలో తొలి కరోనా కేసు 2020 మార్చి 19న బయటపడింది. అప్పటికే రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ రోజువారీ బులెటిన్లు మొదలుపెట్టింది. గడచిన ఇరవై నాలుగు గంటల్లో ఎన్ని శాంపిళ్లు పరీక్షించారో, ఏ జిల్లాలో ఎన్ని కొత్త కేసులు వచ్చాయో, ఎందరు కోలుకున్నారో, ఎందరు చనిపోయారో అందులో ఉండేది. 2020 జులై చివర్లో రాష్ట్రంలో ఒక్కరోజు కేసులు 10 వేలు దాటాయి. రెండో దశలో, 2021 మే 16న, 24 వేలు దాటాయి. పట్టికలో విశాఖపట్నం పేరుకు ఎదురుగా ఉన్న అంకె చూసి ఊళ్లో జబ్బు పెరిగిందనో తగ్గిందనో తేల్చేయడం మనందరికీ అలవాటైపోయింది. అయితే ఆ అంకెను సరిగ్గా చదవాలంటే అది ఏ ప్రాంతానిది, ఏ రోజుది అన్న రెండు సంగతులు ముందు తెలియాలి.

ప్రాంతం సంగతి తేలిక. బులెటిన్‌లోని విశాఖపట్నం నగరం కాదు, జిల్లా. అప్పటి జిల్లా సముద్రతీరం నుంచి అనకాపల్లి, నర్సీపట్నం మీదుగా పాడేరు, అరకు, చింతపల్లి మన్యం దాకా విస్తరించి ఉండేది. 2011 జనాభా లెక్కల ప్రకారం జిల్లాలో 42 లక్షల పైచిలుకు జనం ఉంటే, అందులో సగం కూడా నగరపాలక సంస్థ పరిధిలో లేరు. కాబట్టి నగరంలోని గాజువాకలో తగ్గుముఖం పట్టిన జబ్బు అదే వారంలో నగరం బయట చోడవరం వైపు పెరిగితే జిల్లా అంకె కదలకుండా ఉండిపోవచ్చు.

రోజు సంగతి అంత తేలిక కాదు. గాజువాకలో ఒకరికి సోమవారం జ్వరం మొదలైందనుకుందాం. వైరస్ ఒంట్లో చేరిన తర్వాత లక్షణాలు కనబడటానికి, తొలి రకాల విషయంలో, సగటున ఐదు రోజులు పట్టేది. అంటే ఆయనకు అంతకుముందు బుధవారమే సోకి ఉంటుంది. రెండు రోజులు జ్వరం బిళ్లలు వేసుకుని చూసి, బుధవారం పట్టణ ఆరోగ్య కేంద్రంలో స్వాబ్ ఇచ్చాడు. ముక్కులోంచి తీసిన ఆ పుల్లను వైరస్ పాడవకుండా ఉంచే వీటీఎం ద్రవం ఉన్న గొట్టంలో ముంచి, బయటికి మిగిలిన కొసను విరిచి, మూత బిగించి, ఆ శాంపిల్‌కు ఇచ్చిన గుర్తింపు సంఖ్య (ఎస్‌ఆర్‌ఎఫ్ ఐడీ) అంటించి, ఐస్ బాక్సులో పెట్టి ల్యాబుకు పంపుతారు. రద్దీ రోజుల్లో శాంపిళ్లు అక్కడ వరుసలో వేచి ఉంటాయి. శుక్రవారం ఫలితం వచ్చి, పోర్టల్‌లో నమోదై, శనివారం బులెటిన్‌లోకి ఎక్కింది. శనివారం మనం చదివిన ఆ ‘కొత్త కేసు’ పది రోజుల నాటి సంఘటన అన్నమాట.

అన్ని కేసులూ ఇలా పది రోజుల నాటివే అయితే బాధ లేదు, లెక్కను పది రోజులు వెనక్కి జరిపి చదువుకోవచ్చు. కానీ ర్యాపిడ్ యాంటిజెన్ పరీక్షలో అరగంటలో ఫలితం తెలిసిపోతుంది. క్షయ నిర్ధారణ కోసం వాడుతూ వచ్చిన ట్రూనాట్ యంత్రాలనూ కరోనాకు మళ్లించారు, వాటిలో రెండు మూడు గంటల్లోపే తేలుతుంది. నిన్న ఇచ్చిన యాంటిజెన్ శాంపిలూ, మూడు రోజుల క్రితం ఇచ్చిన, ల్యాబులో తేలాల్సిన ఆర్టీపీసీఆర్ శాంపిలూ ఒకే రోజు ఒకే గడిలో కలిసిపోతాయి. పైగా ఆదివారం పరీక్షలు తగ్గితే ఆ తరుగు సోమ, మంగళవారాల్లో ‘శుభవార్త’గా కనబడుతుంది. ఏడు రోజుల సగటు తీసేది ఇందుకే. ఏ ఒక్క రోజు అంకె గురించీ సంబరపడటానికి గానీ బెంబేలెత్తడానికి గానీ ఆధారం లేదని నా అభిప్రాయం.

మరణాల అంకె ఇంకా వెనకబడి నడుస్తుంది. లక్షణాలు మొదలయ్యాక ప్రాణం పోయే దాకా తరచుగా రెండు మూడు వారాలు పడుతుంది కాబట్టి, కేసులు తగ్గుతున్నప్పుడు కూడా మరణాలు పెరుగుతూ పోవడంలో వింత లేదు. అసలు చిక్కు ఎవరి మరణాన్ని కరోనా మరణం అనాలన్న దగ్గరే వస్తుంది. ఆస్పత్రిలో ఎవరైనా చనిపోతే వైద్యుడు ఫారం 4 అనే ధ్రువపత్రం నింపాలి. అందులో మొదటి భాగంలో మూడు వరుసలు ఉంటాయి. పై వరుసలో ప్రాణం తీసిన తక్షణ కారణం, ఉదాహరణకు శ్వాసకోశ వైఫల్యం. రెండో వరుసలో దానికి దారితీసిన న్యుమోనియా. అట్టడుగున మొత్తానికీ మూలమైన కోవిడ్. మధుమేహం, రక్తపోటు వంటివి రెండో భాగంలోకి వెళ్లాలి. మరణాల గణాంకాలు ప్రధానంగా ఆ అట్టడుగు వరుసను బట్టే తయారవుతాయి. రాత్రి డ్యూటీలో అలసిన వైద్యుడు న్యుమోనియా దగ్గరే కలం ఆపేస్తే, ఆ మరణం గణాంకాల్లో న్యుమోనియా మరణంగానే మిగిలిపోతుంది. పరీక్షలో నిర్ధారణ అయితే యూ07.1, అనుమానం మాత్రమే ఉంటే యూ07.2 అనే సంకేతాలు వాడాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020లోనే చెప్పింది. కానీ రోజువారీ అంకెలోకి వచ్చినవి ప్రధానంగా పాజిటివ్ రిపోర్టు ఉన్న మరణాలే. ఇంట్లో పోయినవారికి ఆ రిపోర్టే లేకపోవచ్చు.

ఈ తేడా 2021లో డబ్బుతో ముడిపడింది. పాజిటివ్ వచ్చిన 30 రోజుల్లోపు సంభవించిన మరణాన్ని, ప్రమాదం, హత్య వంటివి మినహాయించి, కోవిడ్ మరణంగానే పరిగణించాలని సెప్టెంబరులో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. కుటుంబానికి 50 వేల రూపాయల సాయానికి అక్టోబరులో సుప్రీంకోర్టు ఆమోదం తెలిపింది. కోవిడ్ మరణం అనే మాటకు హద్దు మారడంతో, బులెటిన్‌లో లేని మరణాలు కూడా సాయానికి అర్హత పొందాయి.

కారణాల జోలికి పోకుండా లెక్కించే దారి ఒకటుంది. ఏ కారణంతోనైనా సరే, ఆ నెలలో మామూలుగా జరిగే మరణాల కంటే ఎన్ని ఎక్కువ జరిగాయో చూడటం. వీటినే అదనపు మరణాలు అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మేలో ఈ పద్ధతిలోనే, 2020, 2021 సంవత్సరాలకు కలిపి, భారతదేశంలో సుమారు 47 లక్షల అదనపు మరణాలు జరిగాయని అంచనా వేసింది. 2021 చివరికి అధికారిక కోవిడ్ మరణాలు 4.8 లక్షలే. ఆ అంచనాకు వాడిన గణిత నమూనా మన దేశానికి తగదని కేంద్రం గట్టిగా అభ్యంతరం చెప్పింది. ఎవరి వాదన ఎలా ఉన్నా, ఒక నగరం స్థాయిలో నమూనాల కంటే జనన మరణాల రిజిస్టరే మెరుగైన ఆధారమని నాకనిపిస్తుంది.

విశాఖ రిజిస్టరుతో ఈ పని చేయాలంటే ఒక జాగ్రత్త తప్పదు. 1969 చట్టం ప్రకారం మరణాన్ని జరిగిన చోటే, మామూలుగా 21 రోజుల్లోపు, నమోదు చేయించాలి. నగరంలోని పెద్ద ప్రభుత్వాసుపత్రులైన కేజీహెచ్‌కూ విమ్స్‌కూ శ్రీకాకుళం, విజయనగరం నుంచే కాక ఒడిశా సరిహద్దు ఊళ్ల నుంచి కూడా రోగులు వస్తారు. వారిలో ఇక్కడ కన్నుమూసినవారందరూ నగర రిజిస్టరులోనే ఉంటారు. అందువల్ల నమోదు తేదీని వదిలి మరణించిన తేదీని తీసుకోవాలి, మృతుల సొంత చిరునామాను బట్టి నగరవాసులను వేరు చేయాలి, మహమ్మారికి ముందరి సంవత్సరాల లెక్కను కూడా సరిగ్గా అలాగే వేరు చేసి పక్కన పెట్టుకోవాలి. 2022 ఏప్రిల్ 4న పాత జిల్లా విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలుగా విడిపోయింది కాబట్టి, జిల్లా స్థాయిలో ఇదే పని చేయదలచుకున్నవారు మండలాల వారీ లెక్కల నుంచి మొదలుపెట్టాలి.