యంత్రంలో పడి కార్మికుడు చనిపోతే: యజమాని బాధ్యతపై అపోహలు - వాస్తవాలు

చిత్తూరులో కార్మిక కేసులు చూసే లాయర్‌ని. తోతాపురి మామిడి సీజన్‌లో గుజ్జు ఫ్యాక్టరీలు రాత్రింబవళ్లు నడుస్తాయి. గ్రానైట్ కటింగ్ యూనిట్లకైతే సీజన్‌తో పనే లేదు. ఎక్కడైనా మనిషి పోయాక వినిపించే మాటలు మాత్రం ఇవే.

"వాడే చెయ్యి పెట్టాడు, మా తప్పేముంది?"

వేలు తెగిన కేసులో ఈ వాదనకు కొంత చోటుంది. తాగి ఉన్నాడనో, యంత్రానికి అడ్డుగా బిగించే రక్షణ కవచాన్ని (గార్డు) కావాలనే తీసేశాడనో రుజువు చేస్తే పరిహారం తప్పించుకోవచ్చు. ప్రాణం పోతే ఆ మినహాయింపే లేదు. 1923 నాటి పరిహార చట్టంలో అలాగే ఉంది, కొత్త సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఉంచారు.

శిక్ష సంగతి వేరు, అక్కడ తప్పెవరిదో తేల్చాలి. అందుకే ముందు కన్వేయర్ ఫోటోలు అడుగుతాను. గార్డు బిగించే బోల్టు రంధ్రాలు తుప్పుపట్టి, గుజ్జు ఎండి పూడుకుపోయి ఉన్నాయంటే, ఆ గార్డును చనిపోయినవాడు ఆ రాత్రి తీయలేదు. కడగడానికి అడ్డమని ఎవరో ఎప్పుడో తీసి మూలన పడేశారు.

"పెద్దమనుషుల్లో సెటిల్ అయిపోయింది"

తెల్లకాగితం మీద వేలిముద్ర, చేతిలో నగదు. మరణ పరిహారం ఈ కేసులు చూసే ప్రభుత్వ అధికారి దగ్గర డిపాజిట్ చేయాలి. చేతికిచ్చింది లెక్కలోకి రాదు, మూడు నెలల జీతం మించని అడ్వాన్స్ తప్ప. ముప్పై ఏళ్ల కార్మికుడి లెక్క చూడండి. జీతం ఎంతున్నా 15,000 దాకానే తీసుకుంటారు. అందులో సగం 7,500. వయసును బట్టి వచ్చే 207.98తో గుణిస్తే 15,59,850 రూపాయలు. నెలలోపు కట్టకపోతే 12 శాతం వడ్డీ, పైన సగం దాకా పెనాల్టీ. ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) ఉన్నవాళ్లకు ఈ దారి లేదు, కుటుంబానికి నెలనెలా అక్కడి నుంచే వస్తుంది.

ఇక పోలీసు కేసు. అది రాజీ కుదుర్చుకునే నేరమే కాదు.

"మేస్త్రి తెచ్చిన కూలీ, మా రోల్‌లో లేడు"

ముందు మీరు కట్టాలి. తర్వాత మేస్త్రి దగ్గర వసూలు చేసుకోండి.

"ఓనరు జైలుకే" అని బాధితులు, "ఫైన్ కడితే సరి" అని యజమానులు

ప్రమాదం ఏ తేదీన జరిగిందో చెప్పకుండా ఇద్దరూ టెన్షన్ పడుతుంటారు. 2025 నవంబర్ 21కి ముందైతే 1948 ఫ్యాక్టరీల చట్టం: రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. భద్రతా నిబంధన మీరినందువల్ల చావు జరిగితే జరిమానా 25,000కు తగ్గకూడదు. ప్రాణానికి అది మరీ చిల్లర. ఆ తేదీ నుంచి అమల్లోకొచ్చిన వృత్తి భద్రతా కోడ్‌లో జైలు అంతే, జరిమానా మాత్రం కనీసం ఐదు లక్షలు. అందులో సగానికి తగ్గకుండా కుటుంబానికి ఇమ్మని కోర్టు చెప్పొచ్చు. రెండింట్లోనూ ఆ 'లేదా' ఉంది కాబట్టి జైలు తప్పనిసరి కాదు.

పోలీసు కేసులో నిర్లక్ష్యంతో ప్రాణం పోగొట్టినందుకు భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద 2024 జులై 1 నుంచి ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు. కానీ నిర్లక్ష్యమే చావుకు నేరుగా కారణమని తేలాలి. వెనకటికి బొంబాయి రంగుల ఫ్యాక్టరీలో మంటలంటుకుని ఏడుగురు చనిపోతే, ఆ లంకె తేలలేదని మేనేజర్ మీద ప్రాణం పోగొట్టిన నేరాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది. నిప్పు విషయంలో నిర్లక్ష్యానికి వేసిన శిక్ష మాత్రం నిలిచింది.

ఫ్యాక్టరీ కేసుకు ఆ ఇబ్బంది తక్కువ. కంపెనీ అయితే డైరెక్టర్లలో ఒకరు చట్టం దృష్టిలో ఆక్యుపైయర్, అంటే ఫ్యాక్టరీ మీద అంతిమ అదుపు ఉన్న వ్యక్తి. ఆయన చెన్నైలో కూర్చున్నా, మేనేజర్ మీదకు నెట్టినా, తాను తీసుకోవాల్సిన జాగ్రత్తలన్నీ తీసుకున్నానని తనే రుజువు చేసుకోవాలి. ఇన్‌స్పెక్టర్ గతంలో గార్డు గురించి రాసిచ్చిన నోటీసు దొరికితే అది కష్టమే. దాని నకలు సంపాదించమని బాధితుల కుటుంబానికి మొదటిరోజే చెబుతాను.