రెండంగుళాల సైనికుడి చొక్కా

నా బల్ల మీద ఒక సైనికుడు నిలబడి ఉన్నాడు. ఎత్తు 5 సెంటీమీటర్లు, అంటే రెండంగుళాలు. 175 సెంటీమీటర్ల మనిషిని 35తో భాగిస్తే వచ్చే లెక్క అది. ఈ బొమ్మకి ముఖం రంగు వేయడం అయిపోయింది, బూట్లు అయిపోయాయి. చొక్కా దగ్గర పది రోజులుగా చెయ్యి ఆడటం లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైనికులు తొడుక్కున్న కామోఫ్లాజ్ చొక్కా అది. పచ్చ, గోధుమ, లేత మట్టి రంగు మచ్చలు. కానీ ఆ పచ్చ ఏ పచ్చ? ఆ గోధుమ రంగు ఎంత ముదురు?

(1/35 అనే వింత లెక్క ఎక్కడిదని చాలామంది అడుగుతారు. జపాన్‌లో టామియా కంపెనీ 1961లో పాంథర్ ట్యాంకు మోడల్ చేసింది. లోపల మోటారు, బ్యాటరీలు పట్టేంత సైజులో చేస్తే అది దాదాపు 35వ వంతుకి వచ్చింది. మిగతా ప్రపంచమంతా అదే పట్టుకుంది.)

ఈ జాగ్రత్త నాకు ఒక తప్పు వల్ల అలవాటైంది. కొన్నేళ్ల కిందట 1941 నాటి రష్యా దృశ్యం ఒకటి చేశాను. మోడల్ పెట్టెలో వచ్చిన రంగుల కాగితాన్ని నమ్మి అందులోని జర్మన్ సైనికులకు చుక్కల బట్ట వేశాను. దాన్ని జర్మన్‌లో ఎర్బ్సెన్‌ముస్టర్ అంటారు, బఠాణీ గింజల నమూనా అని. ఐదు రంగులు, ఒక్కో బొమ్మకి వందల చుక్కలు, రెండు వారాల పని. మా మోడలింగ్ మిత్రుల్లో ఒక పెద్దాయన చూసి, "చుక్కలు బాగా పెట్టావు తమ్ముడూ, ఇది ఏ సంవత్సరం?" అన్నారు. "నలభై ఒకటి అన్నా" అన్నాను. "ఈ బట్ట నలభై నాలుగులో గానీ రాలేదు" అన్నారాయన. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి రంగు కంటే ముందు తేదీ చూస్తాను.

తేదీల సంగతి చూస్తే, బట్ట మీద మచ్చల అచ్చును సైన్యం కోసం పెద్ద ఎత్తున మొదలుపెట్టింది ఇటలీ, 1929లో. రెండేళ్లకి, 1931లో, జర్మన్ సైన్యం తన గుడారపు గుడ్డకి స్ప్లిట్టర్‌ముస్టర్ తెచ్చింది. పగిలిన గాజు పెంకుల్లా కోణాలు తేలిన పచ్చ, గోధుమ ముక్కలు. వాటి మీదుగా వాన కురుస్తున్నట్టు సన్నటి పచ్చ గీతలు. ఆ గుడ్డ త్రికోణంగా ఉంటుంది. వానొస్తే ఒంటికి చుట్టుకోవచ్చు, నాలుగు కలిపి గుండీలు పెడితే గుడారం. ఒక వైపు ముదురు అచ్చు, రెండో వైపు లేత అచ్చు. ఆ తర్వాత నాజీ పార్టీ సొంత సాయుధ సంస్థ ఎస్‌ఎస్ దళాలకు వేరే నమూనాలు వచ్చాయి. వాటిని రూపొందించింది మ్యూనిక్ కళా ఆచార్యుడు ఒట్టో షిక్. వేసవిలో, ఆకులు రాలే కాలంలో చెట్ల మీద వెలుగు ఎలా పడుతుందో ఆయన పరిశీలించారు. అందుకే ఆ చొక్కాలు రెండు వైపులా తొడుక్కునేవి: ఒక వైపు పచ్చగా, తిప్పితే గోధుమగా.

కామోఫ్లాజ్ అంటే ఆకుల రంగు వేసుకోవడమే అనుకుంటాం. అసలు పని రంగుది కాదు, అంచులది. మన కన్ను మనిషిని గుర్తుపట్టేది భుజం గీత, చెయ్యి గీత, తల గుండ్రం చూసి. భుజాన్ని అడ్డంగా కోస్తూ ఒక ముదురు మచ్చ, దాని పక్కనే లేత మచ్చ ఉంటే కన్ను ఆ మచ్చ అంచునే వస్తువు అంచుగా తీసుకుంటుంది, భుజం తప్పిపోతుంది. పెద్ద ముక్కలు దూరం నుంచి చూసే కంటి కోసం, సన్న గీతలు దగ్గర్నుంచి చూసే కంటి కోసం. ఒకే బట్టలో రెండు దూరాలకు రెండు మోసాలు. చిరుతపులి మచ్చల్లో ఉన్నదీ ఇదే సూత్రం.

ఇక ఫొటోలు. 2008 డిసెంబరులో జర్మనీ ఫెడరల్ ఆర్కైవ్స్ 80 వేలకు పైగా చిత్రాలను వికీమీడియా కామన్స్‌లో పెట్టింది. ఇంట్లో కూర్చుని వాటిని చూడగలగడం నాలాంటివాళ్లకు వరం. కానీ యుద్ధకాలం ఫొటోల్లో చాలావరకు నలుపు తెలుపువి, తీసినవాళ్లు ప్రచార దళాల ఫొటోగ్రాఫర్లు. నలుపు తెలుపు ఫిల్ములో పచ్చ, గోధుమ రెండూ ఒకే బూడిద రంగుగా పడొచ్చు. ఆ రోజుల్లో ఎరుపుని అసలు పట్టుకోలేని ఆర్థోక్రొమాటిక్ ఫిల్ము కూడా వాడకంలో ఉండేది. అందులో ఎరుపు కలిసిన గోధుమ రంగు నల్లగా దిగిపోతుంది. అదే చొక్కాని అన్ని రంగుల్నీ పట్టుకునే పాన్‌క్రొమాటిక్ ఫిల్ముతో తీస్తే లేతగా వస్తుంది. లెన్సుకి పసుపు ఫిల్టరు పెడితే మరోలా. అందుకే నలుపు తెలుపు ఫొటోలో నేను రంగు వెతకను. మచ్చ సైజు, దాని అంచు పదునుగా ఉందా అలుక్కుపోయినట్టు ఉందా, కుట్టు ఎక్కడ పడింది, జేబు మీద నమూనా ఏ దిక్కుగా ఉంది, ఇవి చూస్తాను. ఈ విషయాల్లో అది అబద్ధం చెప్పదు.

కలర్ ఫొటోలు లేకపోలేదు. అగ్ఫా కంపెనీ 1936లోనే కొత్త అగ్ఫాకలర్ ఫిల్ము తెచ్చింది. కానీ కలర్ ఫిల్ములో ఉండేవి మూడు రంగుల పొరలు, అవి ఒకే వేగంతో వెలిసిపోవు. ఒక పొర ముందు పలచబడితే ఫొటో మొత్తం ఇంకో రంగువైపు ఒరుగుతుంది. మా ఇంట్లో అమ్మానాన్నల పెళ్లి ఆల్బమ్ ఎర్రబారిపోయింది కూడా ఇందుకే. ఎనభై ఏళ్లు దాటిన ఫొటోని స్కాన్ చేసినవాళ్లు తమ కంటికి నచ్చినట్టు సరిచేసి ఉంటారు, దాన్ని నేను నా ఫోన్ తెర మీద చూస్తున్నాను. ఇన్ని చేతులు మారిన పచ్చని పచ్చ అని ఎలా రాసుకోను?

అందుకే బట్ట దగ్గరికి వెళ్లాలి. మ్యూజియంలో అద్దం వెనక ఉన్న చొక్కాకైనా సరే, బయటి వైపు ఎండకి, ఉతుకులకి వెలిసి ఉంటుంది. అసలు రంగు మిగిలేది జేబు మూత కింద, కుట్టు మడతలో, వెలుగు తగలని చోట. ఓపికగలవాళ్లు ఆ మడతల్ని దగ్గరగా తీసిన ఫొటోలు చూశాను. వేలి గోరంత వెడల్పు పట్టీలో పచ్చ ఇంకా పచ్చిగా ఉంటుంది, అంగుళం పక్కన అదే పచ్చ ఎండిన గడ్డిలా మారి ఉంటుంది. రెండూ నిజమే. ఒకటి డిపోలో కొత్తగా ఇచ్చిన రోజుది, రెండోది ఏడాదిపాటు ఒంటి మీద ఉన్న తర్వాతది. "సరైన రంగు ఏది" అన్న నా ప్రశ్నే తప్పని నాకు అప్పుడు అర్థమైంది. ఎన్నో నెల అని అడగాలి.

అచ్చు వేసిన పద్ధతి కూడా బట్ట మీద కనిపిస్తుంది. మచిలీపట్నం కలంకారీలో దిమ్మె పక్కన దిమ్మె వేసిన చోటు తెలిసినవాళ్లకు కనబడినట్టే, చేత్తో స్క్రీన్ అచ్చు వేసిన బట్టకి ఒక తీరు, రోలర్ మీద నడిచిన బట్టకి ఇంకో తీరు. రోలర్ ఒక చుట్టు తిరగ్గానే అదే మచ్చ మళ్లీ వస్తుంది. నకిలీలను పట్టుకోవడానికి సేకర్తలు అతినీలలోహిత దీపం వాడతారు. ఇప్పటి పాలిస్టర్ దారం ఆ వెలుగులో మెరుస్తుంది. అయితే పాత బట్టని ఈ కాలం డిటర్జెంట్‌తో ఉతికినా తెల్లదనం కోసం కలిపే రసాయనాలు అంటుకుని మెరుస్తుంది. దీపం ఒక్కటీ తీర్పు చెప్పలేదు.

సరే, బట్ట రంగు దొరికింది. దాన్ని ఉన్నదున్నట్టు బొమ్మకి వేయొచ్చా? ఇక్కడ కంటి లెక్క ఒకటి ఉంది. ఆరోగ్యమైన కన్ను ఒక డిగ్రీ కోణంలో అరవయ్యో వంతు వరకు విడదీసి చూడగలదు. బొమ్మని 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే అది సుమారు 0.09 మిల్లీమీటర్లు. 35తో హెచ్చిస్తే 3 మిల్లీమీటర్లు. అంటే అసలు చొక్కా మీద 3 మిల్లీమీటర్ల కంటే సన్నగా ఉన్నదేదీ బొమ్మ మీద విడిగా కనిపించకూడదు, పక్క రంగులో కలిసిపోవాలి. బొమ్మని చేతిలో పట్టుకోవడమంటే మనిషిని పదిన్నర మీటర్ల దూరం నుంచి చూడడమే. మామూలుగా చుట్టూ గాలిలో దుమ్ము, తేమ వల్ల దూరపు రంగు పాలిపోతుంది కాబట్టి బొమ్మకి లేత రంగు వేయాలంటారు. పదిన్నర మీటర్లకి గాలి చేసేది ఏమీ లేదని నా అభిప్రాయం. అసలు కారణం నీడ. ఆకాశంలో సూర్యుడు అర డిగ్రీ వెడల్పు మాత్రమే, అందుకే మనిషి చొక్కా మడతల్లో నీడలు పదునుగా పడతాయి. రెండంగుళాల బొమ్మకి నా టేబుల్ లైటు ఇంటి పైకప్పంత పెద్దది. నీడలు కరిగిపోతాయి, బొమ్మ చప్పగా, నల్లగా కనిపిస్తుంది. అందుకే మడత పైభాగం లేతగా, లోపల ముదురుగా మనమే వేసుకోవాలి.

1945లో వచ్చిన లైబర్‌ముస్టర్ నమూనా గురించి ఒక మాట. బతికున్న ఆకు మన కంటికి కనిపించని పరారుణ కాంతిని గట్టిగా తిప్పికొడుతుంది. ఆ కాంతిని పట్టే పరికరాల్లో బట్ట, ఆకు వేరువేరుగా తేలిపోతాయి. దానికి విరుగుడుగా లైబర్‌ముస్టర్ నల్ల మచ్చల్లో పరారుణాన్ని మింగేసే కార్బన్ మసి కలిపారు. యుద్ధం ముగిసిపోతున్న నెలల్లో కొద్దిమందికే అందింది.

1943 సెప్టెంబరులో ఇటలీ లొంగిపోయాక అక్కడి బట్ట తానులు జర్మన్ల చేతికి వచ్చాయి. 1944లో ఫ్రాన్స్‌లోని నార్మండీలో తీసిన ఫొటోల్లో 12వ ఎస్‌ఎస్ డివిజన్ కుర్రాళ్లు ఆ ఇటలీ బట్టలో కనిపిస్తారు. మోడలింగ్ చేసేవాళ్లకు ఆ ఫొటోలంటే మోజు. ఆ జూన్ నెలలోనే, కాన్ నగరం పక్కన ఆర్డెన్ మఠంలో, అదే డివిజన్ వాళ్లు బందీలుగా పట్టుకున్న కెనడా సైనికుల్ని చంపారు. 1946లో నాజీల నేరాలను విచారించిన న్యూరెంబర్గ్ కోర్టు ఎస్‌ఎస్‌ని నేరస్థ సంస్థగా ప్రకటించింది. ఇది తెలియకుండా ఆ చొక్కాకి రంగు వేయకూడదని నేను నమ్ముతాను.

కుట్ల గురించి వెతుకుతుంటే రావెన్స్‌బ్రూక్ పేరు వచ్చింది. బెర్లిన్‌కి ఉత్తరాన 1939లో తెరిచిన మహిళల నిర్బంధ శిబిరం. లక్షకు పైగా ఆడవాళ్లని అక్కడ బంధించారు. ఎస్‌ఎస్ సొంత బట్టల కంపెనీ టెక్స్‌లెడ్ అక్కడ కుట్టుశాలలు నడిపింది. యూనిఫాంలు, ఈ మచ్చల చొక్కాలు కూడా, ఆ ఖైదీలే పగలూ రాత్రీ షిఫ్టుల్లో కుట్టారు. ఎర్బ్సెన్‌ముస్టర్ చుక్కలకు నేను రెండు వారాలు పడ్డ కష్టం గుర్తొచ్చి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

ఆ చొక్కాల్లో నమూనా కుట్టు దాటి కొనసాగదు. బట్ట తాను నుంచి ముక్కలు ఎలా వస్తే అలా కత్తిరించి కలిపారు. భుజం దగ్గర గోధుమ మచ్చ సగంలో తెగిపోతుంది, అవతలి వైపు చేతి మీద పచ్చ మొదలవుతుంది. చాలా బొమ్మల మీద మచ్చల్ని కుట్టు మీదుగా పాకించేస్తారు, చూడ్డానికి బాగుంటుందని. నిన్న రాత్రి నేను అన్నిటికంటే సన్నటి కుంచెతో ఎడమ భుజం కుట్టు గీశాను. గోధుమ మచ్చని అక్కడ ఆపేశాను. కుడి భుజం ఈ రాత్రికి ఉంది.