కార్బైడ్ బిట్‌కు ఏ స్క్రూ? అపోహలు - వాస్తవాలు

చెక్క లేత్‌కు (చెక్కను తిప్పుతూ చెక్కే యంత్రానికి) కార్బైడ్ టూల్, అంటే లోహపు రాడ్ కొసకు కార్బైడ్ బిళ్లను (బిట్) స్క్రూతో బిగించిన ఉలి, సొంతంగా చేసుకునేవాళ్లు నాకు పంపే ఫొటోలు దాదాపు ఒకేలా ఉంటాయి. బిట్ సరిగ్గా మధ్య రంధ్రం మీదుగా రెండు ముక్కలై ఉంటుంది. కింద ఒకటే మాట: "అన్నా, నాసిరకం బిట్ అంటగట్టారు." ముందు స్క్రూ ఫొటో పెట్టమంటాను.

అపోహ: రంధ్రంలో దూరితే చాలు, ఏ కౌంటర్‌సంక్ స్క్రూ (వాలు తల గుంతలో దిగిపోయేది) అయినా ఒకటే.

వాస్తవం: అందరి డబ్బులూ పోయేది ఇక్కడే. హార్డ్‌వేర్ షాపులో ఇచ్చే ఎం4 (4 మి.మీ. మర) కౌంటర్‌సంక్ స్క్రూ తల కోణం 90 డిగ్రీలు. కార్బైడ్ బిట్లలో చాలావాటికి రంధ్రం వాలు 60 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆ తల ఈ గుంతలో నిండుగా కూర్చోదు, పైఅంచు మీద సన్నటి గీతలా ఆనుతుంది. బిగించేకొద్దీ కట్టెలో దిగగొట్టిన చీలలా పక్కలకు తోస్తుంది. కార్బైడ్ నొక్కుడుకు బాగా తట్టుకుంటుంది కానీ లాగుడుకు, వంపుకు తట్టుకోదు. మొదటి రోజు ఏమీ కాదు. ఏ చింత కర్రలోనో ముడి తగిలినప్పుడు ఠప్పుమంటుంది, నింద బిట్ మీద పడుతుంది.

అనుమానముంటే స్క్రూ తల వాలుకి మార్కర్ రంగు పూసి, మెల్లగా బిగించి విప్పి చూడండి. రంగు వెడల్పు పట్టీలా చెరిగితే మంచిదే. సన్నటి గీతలా చెరిగితే ఆ స్క్రూ పక్కన పడేయండి. బిట్ కొన్నచోటే దానికి సరిపడే స్టార్ తల స్క్రూలు (తలలో నక్షత్రం ఆకారపు గుంత ఉండేవి) అడగండి. అమెరికా వీడియో చూసి 8-32 స్క్రూ (అక్కడి ఇంచుల కొలత సైజు) తెప్పించుకునేవాళ్లకు ఇంకో మాట: అక్కడి కౌంటర్‌సంక్ తల 82 డిగ్రీలు, అదీ ఈ గుంతకు సరిపోదు.

అపోహ: 12.9 గ్రేడ్ (బాగా గట్టి స్టీలు) స్క్రూ వేసి బలంగా బిగిస్తే బిట్ కదలదు.

వాస్తవం: కోత బరువు మోయాల్సింది బిట్ కింద ఉన్న సీటు. స్క్రూ బిట్‌ను సీటుకు అదిమి ఉంచుతుంది, అంతే. ఆకురాయితో తీసిన సీటు మధ్యలో ఉబ్బి ఉంటే ఎంత మంచి స్క్రూ అయినా బిట్‌ను వంచి విరుస్తుంది. ట్యాప్ కొట్టాక (రంధ్రం లోపల మరలు కోశాక) రంధ్రం అంచున లేచే చిన్న పొక్కు చేసేదీ అదే పని. నాకు మెషిన్ షాపులో పని నేర్పిన మేస్త్రి ట్యాప్ కొట్టిన ప్రతి రంధ్రం మీదా పెద్ద డ్రిల్‌ను వేళ్లతో రెండు తిప్పులు తిప్పేవారు. ఎందుకని అడిగితే చెప్పేవారు కాదు, తిప్పకముందు ఓసారి, తిప్పాక ఓసారి వేలితో తడిమి చూడమనేవారు. ఎం4కి 3.3 మి.మీ. డ్రిల్, ట్యాప్ నిట్టనిలువుగా దిగాలి. బిగింపుకు స్టార్ కీ పొట్టి చెయ్యి పట్టుకుని వేళ్లతో వేసే బలం చాలు. కీకి పైపు తగిలించేవాళ్లతో నేను వాదించలేను.

మిగతావి గబగబా. లాక్‌టైట్ (మరలు వదులవకుండా వేసే జిగురు) వేయొచ్చా? గట్టిగా పట్టేసే ఎరుపుది వద్దే వద్దు, అంచు మొద్దుబారినప్పుడల్లా బిట్ తిప్పుకోవాలి కదా. చుక్క గ్రీజు చాలు. స్టెయిన్‌లెస్ రాడ్‌లో స్టెయిన్‌లెస్ స్క్రూ అయితే మరలు పట్టేసే ప్రమాదముంది, అక్కడ గ్రీజు తప్పనిసరి. ఎడమ మర స్క్రూ కావాలన్నది ఒట్టి పుకారు. తిరిగేది చెక్క, బిట్ కాదు.

మొన్న ఒక తమ్ముడు టూల్ అంతా చక్కగా చేసుకుని, లేత్ ఆన్ చేయడానికి భయపడి ఫోన్ చేశాడు. స్క్రూ తెగి బిట్ ముఖం మీదకొస్తుందని ఇంట్లోవాళ్ల టెన్షన్ అట. ఆ భయాన్ని నేను నవ్విపారేయను. చెక్క బిట్‌ను కిందికే, సీటు వైపే నొక్కుతుంది. అందుకే బిట్ సీటు దాటి మరీ ముందుకు పొడుచుకు రాకూడదు. రెస్ట్ (టూల్ ఆనించే కడ్డీ) దగ్గరగా పెట్టు, ఫేస్ షీల్డ్ వేసుకో అన్నాను. స్టార్ గుంత అరిగిన స్క్రూ మళ్లీ వాడొద్దని కూడా చెప్పాను. అలాంటిది ఇరుక్కుపోతే డ్రిల్‌తో తీయాలి, దాంతో బిట్ కూడా పోయినట్టే.