డిఫరెన్షియల్‌కీ ఒళ్ళు కాలుతుందర్రా

పిల్లలూ,

మొన్న ఫోన్లో అడిగారు కదా, "తాతా, ఇంజిన్‌కి రేడియేటర్ ఉంది, మరి వెనకాల డిఫరెన్షియల్‌కి ఏముంది" అని. డిఫరెన్షియల్ అంటే ఇంజిన్ బలాన్ని రెండు చక్రాలకీ పంచుతూ, మలుపులో అవి వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్ల పెట్టె. దాన్ని చల్లబరచడానికి చాలా కార్లలో ఏమీ లేదర్రా! ఒక ఇనప డబ్బా, అందులో లీటరుకి అటూ ఇటూగా గేర్ ఆయిల్, కింద నుంచి తగిలే గాలి, అంతే. మామూలు రోడ్డు మీద అది చాలు. రేస్ ట్రాక్ మీద చాలదు.

ఎందుకంటే లోపల కలిసి తిరిగే క్రౌన్, పినియన్ అనే రెండు గేర్ల పళ్ళు ఒకదాని మీద ఒకటి ఊరికే దొర్లవు, రాసుకుంటూ జారతాయి. అరచేతులు గట్టిగా నొక్కి పది సార్లు రుద్ది చూడండి, తెలుస్తుంది. లిమిటెడ్ స్లిప్ రకం డిఫరెన్షియల్‌లో (ఒక చక్రమే ఊరికే తిరిగిపోకుండా అడ్డుకునేది) క్లచ్ ప్లేట్లుంటే ప్రతి మలుపులో అవీ రాసుకుంటాయి, పైగా కొన్ని కార్లలో పక్కనే సైలెన్సర్ పైపు, ఇంక వేడి ఎక్కడికి పోతుంది చెప్పండి.

మొదట్లో నేనూ ఇంజిన్ టెంపరేచర్ ముల్లు ఒక్కటే చూసుకుంటూ తిప్పేవాణ్ణి, ఓ రోజు కారు ఆపగానే వెనక నుంచి గంధకం కంపు, కింద దూరి చూస్తే సైలెన్సర్ మీద నూనె పడి పొగ. సీల్ పోయిందనుకున్నా. తీరా చూస్తే నూనె వేడికి పొంగి బ్రీదర్‌లోంచి, అంటే లోపలి గాలి బయటికి పోయే చిన్న దారిలోంచి, చిమ్మింది. డ్రెయిన్ ప్లగ్ (నూనె దించే బిరడా) విప్పితే దాని అయస్కాంతానికి బూడిదరంగు ముద్ద, వేళ్ళ మధ్య నలిపితే కాటుకలా మెత్తగా ఉంది, హమ్మయ్య అనుకున్నా. అదే పలుకులు తగిలితే పళ్ళు విరిగినట్టే.

అందుకే నా మాట, ముందు ఆయిల్‌లో టెంపరేచర్ సెన్సర్ పెట్టండి, వేడెంతో చూడకుండా ఆయిల్ కూలర్ కొనడం డబ్బు దండగ. నేనైతే 120 డిగ్రీలు దాటితే నెమ్మదిస్తా. కంపెనీ ఒప్పుకుంటే 75డబ్ల్యు-90 గేర్ ఆయిల్ బదులు 75డబ్ల్యు-140 సింథటిక్ పోయొచ్చు (ఆ అంకెలు ఆయిల్ చిక్కదనాన్ని చెప్తాయి), వేడిలో పల్చబడటం తగ్గుతుంది, కానీ వేడిని బయటికి తీసుకెళ్ళేది మాత్రం కూలరే. కూలర్ అంటే చిన్న పంపు, ఫిల్టర్, చిన్న రేడియేటర్, దానికి గాలి తగిలే దారి. పంపుని చల్లగా ఉన్నప్పుడే ఆన్ చెయ్యకండి, అప్పుడు గేర్ ఆయిల్ తేనెలా చిక్కగా ఉండి పంపు మోటారు కాలిపోవచ్చు, వేడెక్కాక తనే ఆన్ అయ్యేలా థర్మో స్విచ్ పెట్టుకోవాలి. తిరిగొచ్చే చల్లటి నూనె సరిగ్గా పళ్ళు కలిసే చోట పడాలి, చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు.

ఆఖరి ల్యాప్ మెల్లగా తిప్పండి, గాలికి చల్లారుతుంది. కూలర్ లేనివాళ్ళకి అదే కూలర్.

ఈసారి వస్తే నా కారు కిందే చూపిస్తా. పాత బట్టలేసుకు రండి, గేర్ ఆయిల్ కంపు ఉతికినా పోదు, తర్వాత మీ అమ్మ నన్ను తిడుతుంది.

మీ తాతయ్య